పానశాల పాటశాలయైన వైనము

గడచిన మాసమున మాకొక జాబు వచ్చినది. వ్రాసిన సోదరి పేరుగాని, ఆమె యూరిపేరుగాని ఇచ్చట చెప్పము. ఆ గ్రామమున బడికిపోవు త్రోవలో ఒక పాత పెంకుటిల్లు కలదట. పూర్వమది సారాయి దుకాణము. మూతపడి యేండ్లు గడచినవి. పెంకు సగము జారిపోయినను గోడలును దూలములును గట్టిగానే యున్నవట. గ్రామపెద్దలు ఇప్పుడా యింటిని స్త్రీల సంఘమున కప్పగింప నిశ్చయించిరి. సంఘమున రెండు పక్షము లేర్పడినవి. పెద్దలైన స్త్రీలు దానిని పడగొట్టి నేలమట్టము చేయవలె ననుచున్నారు. పడుచువారు దానిని బాగుచేసి, సాయంకాలముల పాట నేర్చుకొనుటకును, బొమ్మలు గీయుటకును, పండుగలకు నాటకమాడుటకును ఉంచవలె ననుచున్నారు. జాబు వ్రాసిన సోదరికి ఏ పక్షమున చేరవలెనో తోచలేదు. ఆమె యత్తగారు ఆ గడపయొద్ద మామగారికొఱకు ఎన్నియో రాత్రులు కాచుకొనియుండిన మనిషి. అట్టి యింటిలో మనుమరాండ్రు పాడవచ్చునా యని ఆమె మమ్ముల నడిగినది.

జాబు చదివినంతనే మాకు తోచినది పడగొట్టుమని చెప్పుటయే. ఇంటి దీపము నార్పిన యింటిని నిలుపుట దేనికని మా కప్పుడనిపించినది. కాని, ఒకరి కన్నీటినిగూర్చి యడిగినప్పుడు మొదట నోటికి వచ్చిన మాటతో సరిపుచ్చరాదు. అందుచేత నెలదినము లాలోచించి, చదివి, నేడిది వ్రాయుచున్నాము.

మద్యమునుగూర్చి తెలుగు స్త్రీల కొకరు పాఠము చెప్పవలసిన పనిలేదు. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున అక్షరములు దిద్దుకొనుచుండిన స్త్రీలే సారాయి దుకాణమున కడ్డుపడిరి. ఆ కదలిక ఊరూర ప్రాకినది. 1993 అక్టోబరు 1వ తేదినుండి రాష్ట్రమున సారాయి నిషేధింపబడినది. 1995లో మద్యమంతయు నిషేధింపబడి, 1997లో ఆ నిషేధము సడలింపబడినది. కాబట్టి మూయించుట మనవారికి తెలియును. మూసిన పిమ్మట ఆ యింట నేమి పెట్టవలెననునది వేఱు ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచుండగా లండను నగరమందలి యొక యింటి చరిత్ర మా కంటబడినది. అది పానశాలగా పుట్టి, పాటశాలయై, ప్రార్థనాలయమై, పాతగుడ్డల కొట్టయి, పడగొట్టబడనుండి తప్పించుకొని, నేడు మఱల కళాశాలగా నిలిచినది. దాని కథ చెప్పి, పిమ్మట జాబు సంగతికి వచ్చెదము.

లండను టవరుకోటకు తూర్పుగా, థేమ్సునది రేవులకు చేరువను, గ్రేసెస్ ఆలీ యను చిన్న సందు కలదు. ఆ సందున ఒకదాని కొకటి ఆనుకొని నిలిచిన పాతయిండ్ల మూలము పదునేడవ శతాబ్దము చివరినాటిది. వానిలో నొకయింట పదునెనిమిదవ శతాబ్దమున బీరు అమ్ము పానశాల వెలసినది. సమీపమున వెల్‌క్లోజ్ స్క్వేరను చతురస్రమున డెన్మార్కు మొదలగు ఉత్తరదేశముల వర్తకులును ఓడనాయకులును కాపురముండెడివారు. అందుచేతనే కాబోలు ఆ పానశాలకు డెన్మార్కు రాజకుమారుని పేరుండెను. 1826 ప్రాంతమున దాని యజమాని మద్యమందించు బల్లను, తక్కిన కొయ్యపనిని మహాగని కఱ్ఱతో చేయించెను. అది యా పేటవారికి వింత. నాటినుండి జనులు దానిని మహాగని బారు అని పిలువసాగిరి. ఆ యిల్లు తరువాత ఎన్ని చేతులు మాఱినను ఆ పేరు పోలేదు.

ఇంగ్లండున పబ్బు అని పిలువబడు పానశాలకును, మన యెఱుకలోని సారాయి దుకాణమునకును కొంత భేదము కలదు. ఆనాటి లండను బీదవాని కాపురము తఱచుగా ఒక్క గదిలోనే. అందు వెలుతురు తక్కువ, చలికి నిప్పు తక్కువ, పిల్లల యేడ్పు ఎక్కువ. పబ్బులోనో పొయ్యి మండుచుండును, దీపములు వెలుగుచుండును, పలుకరించుటకు నలుగురుందురు. అక్కడనే సంఘముల సమావేశములు, అక్కడనే పనివార్తలు, అక్కడనే పాటలు. కష్టమంతయు మద్యమువలన వచ్చినదే. కాని జనులు ఆ గడప త్రొక్కినది మద్యమొక్కదానికొఱకే కాదు. ఈ సంగతి పాఠకురాండ్రు జ్ఞాపకముంచుకొన గోరుదుము. తరువాతి కథకంతకును ఇదియే కీలకము.

ఆ పేటలోని స్త్రీల బాధ యెట్టిదో యెఱుగుటకు ఒక్క యుదాహరణము చాలును. థేమ్సు రేవులలో ఓడలనుండి బొగ్గు దింపు కూలీలకు పని యిప్పించువారు పానశాలల యజమానులే. ఎక్కువ త్రాగినవానికే పని దొరకెడిది. కూలిడబ్బులును అక్కడనే చెల్లింపబడెడివి. ఇంక ఇంటికి చేఱున దేమి? భార్య గుమ్మమున నిలిచి, మిగిలినదానికొఱకు చేయిచాపవలసినదే. ఈ యక్రమము నాపుటకు 1843లో పార్లమెంటు ఆ కూలీలకొఱకు ప్రత్యేకముగా ఒక పనికచ్చేరి యేర్పఱచినది. ఏ పనివాని కూలియు పానశాలలో చెల్లింపరాదని సామాన్యముగా చట్టము వచ్చుటకు మాత్రము మఱి నలువదేండ్లు పట్టినది. అది 1883లో వచ్చినది. కనుక మన సోదరి యత్తగారివలె గడపయొద్ద కాచుకొన్నవారు అక్కడను వేలకొలది కలరు. వారి సంగతి మఱచి యా యింటి సొగసునుగూర్చి మాత్రమే చెప్పుట న్యాయము గాదు.

ఇక పాట సంగతి. 1839లో మహాగని బారు వెనుక పాటకచ్చేరీలకొఱకు ఒక గది కట్టిరి. ఆ కాలమున పార్లమెంటు 1843లో చేసిన నాటకశాలల చట్టము మఱియొక మార్పు తెచ్చినది. నాటకమాడదలచినవారు ప్రేక్షకులు కూర్చుండుచోట మద్యమమ్మరాదు. మద్యమమ్మదలచినవారు పాటలతోను వినోదములతోను తృప్తిపడవలెను. పానశాలల యజమానులు పలువురు రెండవ త్రోవను పట్టిరి. ఇట్లు త్రాగుడు గదుల వెనుక పెరిగిన పాటయే మ్యూజిక్ హాలను పేర ఒక గొప్ప జనకళ యయ్యెను. పల్లకీ లెక్కినవారికొఱకు గాక, మూటలు మోసినవారికొఱకు పుట్టిన కళయది. కూలి, ఇంటిఅద్దె, అత్తగారు, తప్పిన రైలుబండి, ఇవియే దాని పాటలకు వస్తువులు.

1850 ప్రాంతమున జాన్ విల్టన్ అను నతడు మహాగని బారును కొనెను. అతడు ప్రక్కయిండ్లనుగూడ సంపాదించి, వాని పెరళ్ల స్థలమునందు ఒక విశాలమైన శాల కట్టదలచెను. 1858 డిసెంబరు 9వ తేదిని ఆ శాలకు పునాదిరాయి వేసినది అతని భార్య ఎల్లెన్ విల్టన్. 1859 మార్చిలో శాల తెఱవబడినది. సందులో నిలిచి చూచువారికి శాల కనబడదు; పాతయిండ్ల ముఖములు మాత్రమే కనబడును. పానశాల గదిగుండ లోపలికి పోయినగాని వెనుకనున్న వైభవము తెలియదు. ఇందులో యజమానుని యుక్తియు కలదు. పాట వినవచ్చినవాడు మద్యపు బల్లను దాటకుండ పోజాలడుగదా!

శాలలో మూడువైపుల మేడవసారా కలదు. దానిని మోయు ఇనుపకంబములు మిఠాయిపాకమును మెలిపెట్టినట్లు చుట్లు తిరిగియుండును. వసారా ముఖమున నున్న ఆకులును తీగెలును రాతివి గావు, కొయ్యవియు గావు. కాగితపు గుజ్జుతో అచ్చుపోసి రంగువేసినవి. పైకప్పునుండి గొప్ప దీపగుచ్ఛము వ్రేలాడెడిది. అందు మూడువందల గ్యాసుజ్వాలలును ఇరువదియేడు వేల సానపట్టిన గాజుపూసలును ఉండెడివట. గోడలయద్దములం దా వెలుగు పడి, దినమెల్ల బొగ్గుపొడిలో నుండి వచ్చినవానికి ఇంద్రసభవలె తోచియుండును. వేయిన్నైదువందలమంది పట్టు శాలయది. ఆ కాలమున పేరుమోసిన జార్జి లేబోర్న్ మొదలగు గాయకు లచ్చట పాడిరి.

ఈ వైభవము చిరకాలము నిలువలేదు. 1877లో శాల అగ్నిప్రమాదమునకు పాలయ్యెను. మఱుసటి యేట మఱల కట్టిరిగాని, 1881 ప్రాంతమున పాట ఆగిపోయినది. అంతట 1888లో మెథడిస్టు క్రైస్తవసంఘమువారి తూర్పులండను మిషను ఆ యింటిని కొనెను. మెథడిస్టులు మద్యమునకు బద్ధశత్రువులు. వారి నాయకుడైన పీటర్ థామ్సన్ అను ప్రబోధకుడు ఆ పేటలో పేరుమాసిన మఱియొక పానశాలనుగూడ తీసికొని మిషను గృహముగా మార్చెను. దాని మాఱుపేరు ప్యాడీస్ గూస్, అనగా ప్యాడీగారి బాతు!

సోదరీమణులారా! ఇచ్చట కొంచె మాగి యాలోచింపుడు. పడగొట్టుటకు హక్కు వారికన్న నెక్కువగా ఎవరికి కలదు? డబ్బు వారిది, ఇల్లు వారిది, మద్యముపై కోపము వారిది. అయినను వారు పడగొట్టలేదు. శాలను శాలగానే యుంచిరి. మేడవసారాను, మెలికల కంబములను తీయలేదు. వింతలలో వింత యేమనగా, పేరునుగూడ పూర్తిగా మార్చలేదు. మహాగని బారు మిషను అని పిలిచిరి. త్రాగుబోతునకు తెలిసిన త్రోవ అదియే. ఆ త్రోవనే వచ్చినవానికి బల్లమీద మద్యమునకు బదులు వేడి యాహారము దొరకునట్లు చేసిరి. కాళ్లకు అలవాటైన గడపను మార్చక, గడప లోపలి వస్తువును మార్చిరి.

మఱుసటి సంవత్సరముననే ఆ యింటి యోగ్యత పరీక్షకు వచ్చినది. 1889 ఆగస్టున లండను రేవుకూలీలు గంటకు ఆఱు పెన్నీల కూలికొఱకు సమ్మె కట్టిరి. సమ్మె అయిదు వారములు సాగినది. కూలీల యిండ్లలో పొయ్యి వెలుగలేదు. అప్పుడు మహాగని బారు మిషనులో అన్నశాల తెఱచి, దినమునకు వేయి భోజనములు పెట్టిరి. పూర్వము ఏ బల్లయొద్ద కూలిడబ్బులు కరగిపోయెనో, ఆ యింటనే కూలివాని పిల్లలు కడుపునిండ తినిరి. ఆ పేటతల్లులకు ఆ యింటిపై నుండిన కసి ఏ యుపన్యాసమువలనను తీఱియుండదు. ఆ గిన్నెడు పులుసువలన కొంతయైన తీఱియుండునని మా తలంపు. కడకు కూలీలు కోరిన ఆఱు పెన్నీలను సంపాదించుకొనిరి.

మిషను ఆ యింట సుమారు డెబ్బదియేండ్లు నడచినది. 1936లో ప్రక్కనున్న కేబుల్ వీథిలో యూదులపై ద్వేషము చాటుచు ఊరేగవచ్చిన ఫాసిస్టులను పేటజనులు అడ్డగించిన దినములను ఆ యిల్లు చూచినది. రెండవ ప్రపంచయుద్ధమున బాంబులు కురిసినపుడు ఇండ్లు కోల్పోయినవారికి నీడ యిచ్చినది. 1956లో మిషను మూతపడినది. పిమ్మట పాతగుడ్డలు మూటలుకట్టి యుంచు కొట్టుగా అద్దెకు పోయినది. ఎల్లెన్ విల్టన్ పునాదిరాయి వేసిన శాలలో చింకిగుడ్డల కుప్పలు పేరుకొన్నవి.

1964లో మఱియొక గండము వచ్చినది. ఆ పేట పాడుపడినదనియు, పాతయిండ్లన్నియు పడగొట్టి క్రొత్తవి కట్టవలెననియు నగరపాలకులు యోచించిరి. వారి యుద్దేశము చెడ్డదని చెప్పజాలము. చెమ్మగోడల నడుమ, నీటికుళాయి లేని యిండ్లలో కాపురముండువారికి మంచియిండ్లు వలదా? కాని వెల్‌క్లోజ్ స్క్వేరు చుట్టునున్న పాతయిండ్లు పోయినపుడు, వానితోపాటు ఒక పేట జ్ఞాపకమంతయు పోయినది. మహాగని బారుమాత్రము మిగిలినది. జాన్ బెట్‌జమన్ అను కవి దానికొఱకు గొంతెత్తెను. పీటర్ సెల్లర్స్, స్పైక్ మిల్లిగన్ మొదలగు హాస్యనటులు తోడైరి. హాస్యగాండ్రకు తమ కళ పుట్టిన పురిటిగది యది యని తెలియును. 1971లో ఆ యింటిని చారిత్రక కట్టడముగా పట్టికలో చేర్చి, పడగొట్టరాదని శాసించిరి.

పడగొట్టరాదనుట వేఱు, నిలబెట్టుట వేఱు. పట్టికలో చేర్చిన పిమ్మట ఇరువదియైదేండ్లకు పైగా ఆ యిల్లు కొంత కొంత మరమ్మతుతో, ఎక్కువ నిరీక్షణతో గడపినది. 1997లో ఫియోనా షా అను నటీమణి ఆ జీర్ణశాలలో నిలిచి, టి. ఎస్. ఎలియట్ కావ్యమైన వేస్ట్ లాండును అభినయపూర్వకముగా చదివినది. దానిని నడిపించినది డెబొరా వార్నరను దర్శకురాలు. గోడల పూత రాలుచుండ, బీటలు కనబడుచుండ, ఆ యింటనే జనులు మఱల కూర్చుండి కవిత్వము వినిరి. బాగుపడిన తరువాత తెఱతమని వారు కూర్చుండలేదు. తెఱచినందువలననే బాగుపడుటకు త్రోవ యేర్పడినది. పునాదిరాయి వేసినది స్త్రీ యైనట్లే, మఱల గొంతు నిచ్చినదియు స్త్రీయే యగుట మాకు ముచ్చటగా నున్నది.

2004లో విల్టన్ శాలకొఱకు ఒక ధర్మకర్తృసంఘ మేర్పడినది. ఫ్రాన్సెస్ మేహ్యూ అను నామె దాని నిర్వహణభారము వహించి 2015 వఱకు నడపినది. పైకప్పు కారుచుండెను, నేల క్రుంగుచుండెను. 2008లో ప్రపంచమున ఆపదలోనున్న కట్టడముల పట్టికలో దానిపేరు చేరినది. మరమ్మతుకొఱకు జాతీయలాటరీ వారసత్వనిధి నడిగిన ధనము 2011లో మొదట దొరకలేదు. వారు చేతులు ముడుచుకొని కూర్చుండక, పనిని రెండుగా విడదీసిరి. ముందు శాలను, తరువాత ముందరి యిండ్లను బాగుచేయుటకు పూనుకొనిరి. రెండవ భాగమునకు ఆ నిధివారే పిమ్మట సహాయమొనర్చిరి. 2015లో పని ముగిసి, మేడగదులతో సహా యిల్లంతయు తెఱవబడినది.

ఆ మరమ్మతు చేసిన తీరు మనము నేర్చుకొనదగినది. టిమ్ రొనాల్డ్స్ అను వాస్తుశిల్పియు ధర్మకర్తలును ఒక నియమము పెట్టుకొనిరి. పడిపోవుదానిని నిలబెట్టవలెను, కారుదానిని ఆపవలెను, నిప్పుభయము లేకుండ చేయవలెను, అంతకుమించి చేయిపెట్టరాదు. పెచ్చులూడిన గోడకు క్రొత్తపూత పూయలేదు. అరగిన మెట్టును తీసివేయలేదు. ఒకదానిమీద నొకటి పడిన రంగులపొరలను గీకివేయలేదు. పానశాలనాటి గుఱుతు, మిషనునాటి గుఱుతు, గుడ్డలకొట్టునాటి గుఱుతు అన్నియు నేడును కనబడును. 2016లో బ్రిటిషు వాస్తుశిల్పుల సంస్థ ఈ పనికి జాతీయబహుమాన మిచ్చినది. మేలైన యిల్లాలు పాతచీరకు మాసిక వేసినప్పుడు చీర చీరగానే యుండును, మాసికయు దాచబడదు. ఆ పద్ధతియే యిది.

నేడచ్చట నాటకములు, సంగీతసభలు జరుగుచున్నవి. పేటలోని పిల్లలకును పెద్దలకును కళలతో పరిచయము కలిగించు పనులు సాగుచున్నవి. ఇంటి చరిత్రను చూపుచు త్రిప్పి చెప్పువారును కలరు.

ఒక సంగతి దాచినయెడల మేము పాఠకురాండ్రకు ద్రోహము చేసినవారమగుదుము. మహాగని బారు నేడు మఱల మద్యమమ్ముచున్నది! మెథడిస్టులు డెబ్బదియేండ్లు దూరముంచిన సీసాలు మఱల బల్ల యెక్కినవి. దానివలన వచ్చు లాభము శాల పోషణకు తోడ్పడుచున్నది. ఇది చదివినపుడు మాకు చివుక్కుమన్నది. ఇంగ్లండువారి యాచారము వేఱు, వారి శీతలము వేఱు, నేటి ప్రేక్షకుడు నాటి బొగ్గుకూలీ కాడు అని సమాధానము చెప్పవచ్చును. ఆ సమాధానమును మేము కొట్టివేయము. కాని మన గ్రామమునకు దానిని ఎరువు తెచ్చుకొనవలసిన పనియు లేదు. వారి చరిత్రలో రెండు పుటలు కలవు. మనకు కావలసినది 1888 నాటి పుటలోని సంయమము, 1997 నాటి పుటలోని కళాభిమానము. ఈ రెంటిని కలిపి యొకే పుటగా వ్రాయు స్వాతంత్ర్యము మన సోదరికి కలదు.

మద్యమును తలచినప్పుడు ఆదిపర్వమందలి కచుని కథ జ్ఞాపకమునకు రాక మానదు. రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను మద్యమున కలిపి శుక్రాచార్యునిచేత త్రాగించిరి. దేవయాని దుఃఖము చూడలేక శుక్రుడు వెదకగా కచుడు తన కడుపులోనే యుండెను. మృతసంజీవనిని కడుపులోనుండగనే నేర్చి, కచుడు బయటికి వచ్చి, మృతుడైన గురువును తిరిగి బ్రదికించెను. తరువాతనే శుక్రుడు సురాపానమును శపించెను. ఈ కథను మేము మద్యనిషేధమునకు దృష్టాంతముగనే చిరకాలము చెప్పుకొంటిమి. ఈ లండను యిల్లు దానికి మఱియొక యర్థము చూపినది. శుక్రుడు శపించినది సురను, కచుని గాదు. పానశాల కడుపున చిక్కిన పాట నిర్దోషి. అది బయటికి వచ్చి, తాను చిక్కుకొన్న యింటినే తిరిగి బ్రదికించినది.

ఇక మా సోదరికి చెప్పవలసినది. అమ్మా! పడగొట్టవలెననెడి పెద్దలమీద కోపింపకుడు. వారు గోడలను గాదు, తాము పడిన రాత్రులను పడగొట్టగోరుచున్నారు. గోడలు పడినను ఆ రాత్రులు పడవు. ఆ గడపయొద్ద నిలిచిన మీ యత్తగారినే మొదటి దీపము పెట్టుమని పిలువుడు. ఆమె రానన్నచో బలవంతము వలదు. వచ్చువఱకు ఒక పీట ఖాళీగా నుంచుడు. ఆమె సమ్మతి లేక ఆరంభించిన పాట ఎంత శ్రావ్యమైనను అందొక యపస్వరము మిగులును.

పడుచువారికి చెప్పునది వేఱు. మొదట రంగులు కొనకుడు, పెంకు నేయింపుడు. వాన కారని కప్పు, గట్టి తలుపు, ఆడుపిల్లలకు మఱుగుదొడ్డి, మంచి వెలుతురు, ఈ నాలుగును కుదిరిన పిమ్మటనే వేదికమాట. ధనమంతయు చేరువఱకు వేచియుండకుడు. ఒక్కగది బాగుపడినచో ఆ గదిలోనే చాపలు పఱచి పాట మొదలుపెట్టుడు. తాళపుచెవియు జమాఖర్చుల పుస్తకమును సంఘమునొద్దనే యుండవలెను. నెలకొకసారి లెక్క అందఱియెదుట చదువవలెను. ఏ యొక్కరి దానముచేతను ఆ యిల్లు ఆ యొక్కరిది కారాదు. ఊరి ముసలమ్మలకు వచ్చిన దంపుళ్లపాటలు, జోలలు, కోతపాటలు అక్కడ మొదట వినబడవలెను. పట్టణపు పాటలు వాని వెనుక రావచ్చును. పనిచేసి వచ్చిన మగవారినిగూడ పిలువుడు. సాయంకాలము పోవుటకొక చోటు లేనివాడే చెడ్డచోటికి పోవును. ఆ చోటు మనమే చూపితిమేని సగము పని మద్యనిషేధపు చట్టము లేకయే యగును.

ఒక్క గోడనుమాత్రము సున్నము కొట్టక విడువుడు. సారాయి కుండల మరకలున్న గోడయైనచో మఱియు మంచిది. దాని క్రింద పిల్లలను కూర్చుండబెట్టి, ఇచ్చట పూర్వ మేమి జరిగినదో, ఎవరు మూయించిరో, మీ యత్తగారి నోటనే చెప్పింపుడు. తెల్లగా కడిగిన గోడ పిల్లల కేమియు చెప్పజాలదు.

మా మొదటి సమాధానమును మేము వెనుకకు తీసికొనుచున్నాము. ఇల్లు నిలుపుడు. దీపము వెలిగించిన దినమున మాకొక కార్డుముక్క వ్రాసినచో, ఈ పుటలోనే తక్కిన సోదరీమణులకు ఆ శుభవార్త వినిపింతుము.